మ్యాపులో బూడిదరంగు మెట్ట

చింకారా జింకలు ఎక్కడెక్కడ బతకగలవో కంప్యూటరులో లెక్కగట్టి మ్యాపు గీయడం అప్పట్లో నా పని. అవి కనబడిన చోట్లు, గడ్డి, నీళ్లు, రోడ్డుకు దూరం అన్నీ ఇస్తే, అది పనికొచ్చే నేలను పచ్చగా, పనికిరానిదాన్ని బూడిదరంగులో చూపించేది. సండూరు దారిలో ఖనిజం లారీలు తిరిగే రోడ్డు పక్క మెట్టంతా బూడిదరంగే. ఒకరోజు సాయంత్రం ఆ మ్యాపు అటవీ అధికారికి ఇవ్వాలి. ఒక్కసారైనా చూడకుండా ఇవ్వడానికి మనసొప్పక, ఆ పొద్దున్నే ఆ మెట్ట దగ్గర బస్సు దిగాను.

మేకలు మేపుతున్న ఒక పెద్దావిడ నా ఫోనులో చింకారా బొమ్మ చూసి, "ఇవా? ఈడ్నే ఉండాయి కదప్పా," అంది. నేను నమ్మలేదని పసిగట్టి, ముళ్లపొద వెనక్కి తీసుకెళ్లింది. "సుమ్నె కూకో," అంటూ నోటిమీద వేలు పెట్టుకుంది.

రాళ్ల మధ్య ఒక పిల్ల ముడుచుకుని పడుకుంది. కాస్త దూరంలో తల్లి తోక ఆడిస్తూ మేస్తోంది. అంతలో రోడ్డువైపునుంచి మూడు కుక్కలు వాసన పడుతూ వచ్చాయి. నేను లేవబోయాను. ఆమె నా భుజం నొక్కింది.

"లేస్తే పిల్ల బెదిరి పరిగెత్తుతాది. కుక్కలకి దొరికిపోతాది."

తల్లి కుక్కల ఎదుటికే వచ్చి, ఒక్కసారిగా రోడ్డువైపు దూకింది. కుక్కలు వెంటపడ్డాయి. ఏదో లారీ హారను గట్టిగా మోగింది. తర్వాత ఏ చప్పుడూ లేదు.

ఎండ ఎక్కుతోంది. పిల్ల కదల్లేదు. తల్లి చచ్చిపోయిందనే అనుకున్నాను. చాలాసేపటికి గుట్టవైపునుంచి తల్లి రొప్పుతూ వచ్చి, పిల్లను మూతితో తట్టింది. అది వణికే కాళ్లమీద లేచి పాలు తాగింది.

ఆ చోటు నమోదు చేద్దామని ఫోను తీశాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"రాస్తాండావా? రాస్తే కంచె ఏస్తారు. నా మేకల్ని యాడికి తోలుకుపోవాల?"

"ఈ చోటు ఎక్కడో నిన్ను అడక్కుండా ఎవరికీ చెప్పనమ్మా," అన్నాను.

సాయంత్రం అధికారితో, మెట్టమీద చింకారాలున్నాయని, నా మ్యాపు తప్పని చెప్పాను. "కరెక్టుగా ఎక్కడ?" అన్నాడు. మేపుకునేవాళ్లతో మాట్లాడాకే చెప్తానన్నాను. ఆయన ముఖం ఎర్రబడింది. నా పని పోతుందనుకున్నాను.

వారం తర్వాత ఆయనే మెట్టకు వచ్చాడు. మేకల మేపుకు అడ్డురాబోమని ఆమెకు మాటిచ్చాడు.

"మాట యాల సారూ, కాగితం మీద రాసియ్యి," అందామె.

ఆయన జీపు బానెట్‌మీద కాగితం పెట్టి రాసి, సంతకం చేశాడు. నేను చదివి వినిపించాకే, ఆ చోటు చూపించడానికి ఆమె ముళ్లపొదవైపు ముందు నడిచింది.