బిరడా తియ్యని రెండు నెలలు

“ఇది కూడా వెనిగర్ అయిపోతుందేమో బాబాయ్.”

మూడో జాడీ ముందు నిలబడి నేనన్న మాట అది. మొదటి రెండు జాడీలూ అలాగే పోయాయి. ద్రాక్షల కాలం అయిపోవచ్చింది. బాబాయి ఉద్యోగ విరమణకి రెండు నెలలే ఉంది. ముప్పై ఏళ్లు తన పక్కన కూర్చుని పుస్తకాలు కుట్టినవాళ్లకి ఆఖరి రోజున తన చేత్తో చేసిన వైన్ పోస్తానని ఆయన నోరు జారాడు. అన్న మాట వెనక్కి తీసుకునే రకం కాదు.

ఆయన బైండింగ్ పనివాడు. వీధిలో అందరికీ అట్టల బాబాయి, నాకు సొంత బాబాయి. రసాయనశాస్త్రం చదువుకుంటూ వాళ్లింట్లో ఉన్న రోజులవి. ఆయన గోళ్ల సందుల్లో ఎప్పుడూ ఎండిన జిగురుండేది. భోజనానికి కూర్చునే ముందు ఓపిగ్గా గీకి తీసుకునేవాడు.

వైన్ పనికి ఆయనకి ఇద్దరు స్నేహితులు తోడు. ఎదురింటి వడ్రంగి, మందుల షాపు వెనక ఉండే కాంపౌండరు. సామాన్ల గదిలో మూల చోటిచ్చింది పిన్ని, తన డబ్బాలు కదపకూడదన్న షరతు మీద. మూడో జాడీ కోసం ఆదివారం నలుగురం చాప మీద కూర్చుని ద్రాక్షలు ఏరాం. కాంపౌండరు ఒక్కో పండునీ వెలుతురుకి పట్టి చూస్తుంటే, “నాడి కూడా చూడవయ్యా, మళ్లీ ఏ రోగమో అంటావు” అన్నాడు వడ్రంగి. పళ్లు చిదిమి, వారం రోజులు చెక్క గరిటెతో కలిపి, వడకట్టి, మెడ సన్నటి గాజు జాడీలో మూతిదాకా పోశాం. వడ్రంగి చెక్కిన బిరడా బిగించాం. దానికి పెట్టిన చిల్లులోంచి కాంపౌండరు తెచ్చిన సెలైన్ గొట్టం వచ్చి నీళ్ల గ్లాసులో మునిగింది. లోపలి వాయువు బుడగలై బయటికి పోతుంది, బయటి గాలి లోపలికి రాదు. గాలి తగిలితే వెనిగరే, ఇక ఎవరూ బిరడా తియ్యకూడదని నోటు పుస్తకంలో బొమ్మ గీసి మరీ పాఠం చెప్పాను. ముగ్గురూ బుద్ధిగా తలలూపారు.

ఆ పాఠం చెప్పిన నేనే, మొదటి రెండు జాడీలకి చేసినట్టే, రోజూ సాయంత్రం బిరడా తీసి లిట్మస్ కాగితం ముంచేదాన్ని. ఒక్క నిమిషమే కదా అనుకునేదాన్ని. దాని రంగు చూసి తేలేదేమీ లేదు. వైన్ అయినా వెనిగర్ అయినా అది ఎర్రబడుతుంది. అది తెలిసీ ముంచేదాన్ని.

ఒకరోజు కాలేజీ నుంచి తొందరగా వచ్చాను. సామాన్ల గదిలో వడ్రంగి బిరడా చేత్తో పట్టుకుని, కళ్లు మూసుకుని వాసన చూస్తున్నాడు. నన్ను చూసి తడబడ్డాడు. చెక్క ఉబ్బిందేమోనని చూస్తున్నానన్నాడు. ఆయన్ని దోషిని చేసి నేను మంచిదాన్ని కాలేకపోయాను. నా సంగతీ ఒప్పుకున్నాను.

వంటింట్లోంచి పిన్ని గొంతు వినిపించింది. “మీరిద్దరే అనుకున్నారా? పొద్దున్నే కాంపౌండరు గారు, పనికెళ్లేముందు మీ బాబాయి. మా వీధి తలుపు కూడా రోజుకి అన్నిసార్లు తియ్యం.”

మొదటి రెండు జాడీలూ ఎందుకు పోయాయో అప్పుడు అర్థమైంది. మా నలుగురి ప్రేమే వాటి ప్రాణం తీసింది.

సాయంత్రం ఇంటికొచ్చి సంగతి విన్న బాబాయి ఎవర్నీ తిట్టలేదు. బైండింగ్‌లో ఆయన సంగతి వేరు. అట్ట అంటించి మరలో బిగించాక, జిగురు ఆరేదాకా యజమాని అడిగినా మర వదులు చెయ్యనిచ్చేవాడు కాదు. ఇంట్లో మాత్రం తనే రోజూ చూశాడు. “పని నేర్చుకున్నవాణ్ణి, నాకే బుద్ధి లేకపోయింది” అని గొణిగి, మైదా జిగురు ఉడికించి, పుస్తకాల వీపుకి వేసే గుడ్డ పట్టీని బిరడా చుట్టూ అంటించాడు. చింపితే తప్ప రాదు.

ఆ తర్వాత మాకు మిగిలింది వినడం ఒక్కటే. వచ్చినవాళ్లు వచ్చినట్టు మోకాళ్ల మీద కూర్చుని జాడీకి చెవి ఆనించేవారు. లోపల బుడబుడ. నెల దాటాక బాగా తగ్గింది. చివరి వారాల్లో చప్పుడే లేదు. నాకు మళ్లీ భయం పట్టుకుంది. బాబాయి మాత్రం ఎవరూ చింపకుండా పట్టీ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

విరమణ రోజున బైండింగ్ బల్ల మీద, అందరి ముందూ పట్టీ చింపాడు. కాంపౌండరు ముందు తాగి చూశాడు. గ్లాసు వెలుతురుకి పట్టి, ఇంకో గుక్క వేశాడు. బాబాయి మొహం పాలిపోయింది.

“కొంచెం వగరు. వైనే” అన్నాడు కాంపౌండరు.

కాగితాలు మడిచే ముసలావిడ రెండో గ్లాసు అడిగింది. బాబాయి గోడవైపు తిరిగి కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

ఇప్పుడా బైండింగ్ షెడ్డులో టైర్ల దుకాణం ఉంది. పోయినేడు మా పాపని చూపించడానికి బాబాయి ఇంటికి తీసుకెళ్లాను. మధ్యాహ్నం అది నిద్రపోతుంటే గంటలో నాలుగుసార్లు దుప్పటి ఎత్తి, ఛాతీ కదులుతోందో లేదో చూశాను. నాలుగోసారికి లేచి ఏడ్చింది. కుర్చీలోంచి చూస్తున్న బాబాయి నన్ను దగ్గరికి పిలిచాడు. ఇప్పుడు పాప నిద్రపోతుంటే నేను రోజూ తలుపు దగ్గరే ఆగిపోతున్నానంటే ఆయన ఆ రోజు చెప్పిన మాట వల్లే.

“భయం వేస్తే వేయనీ, తల్లీ. చెయ్యి మాత్రం పెట్టకు. నిలబడి విను.”