సగంలో పడ్డ ఆమెన్

కాదు, ఇద్దరి మాటా నేనొప్పుకోను. పొద్దున్నుంచీ మా తాత ఊరి చర్చి వాట్సాప్ గ్రూపులో ఇదే గొడవ. పిడికెడు బియ్యం ఇక తేవక్కర్లేదు, అన్నం పెట్టేవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు, మన పని వాక్యం చెప్పడమే, బియ్యం డబ్బా ఉన్న మూలలో సౌండ్ బాక్సులు పెడదామని ఒక సంఘపెద్ద వాయిస్ మెసేజ్. ఈ రోజుల్లో వాక్యం ఎవడు వింటాడు, ఆకలి తీరిస్తే చాలని నా వయసువాడొకడి జవాబు. ఇద్దరికీ కలిపి నాలుగు పేరాల తిట్లు టైపు చేసి, పంపేముందు వంటింట్లోకెళ్ళి అమ్మమ్మ నాటి పాత బియ్యం డబ్బా మూత తీశాను. ఎండిన వేపాకు, పాత బియ్యం కలిసిన ఆ వాసన తగలగానే విశాఖపట్నంలో మూడో అంతస్తులో ఉన్నదాన్ని చీపురుపల్లి అవతల తాత చర్చి వాకిట్లో పడ్డాను.

తాత అక్కడ పాస్టరు. దసరా సెలవులకి నన్ను అక్కడే దింపేవారు. సంఘంలో ఆడవాళ్ళంతా ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన పెట్టి, ఆదివారం కొంగున కట్టి తెచ్చి ఆ డబ్బాలో పోసేవారు. కొత్త బియ్యం, ముతక బియ్యం, రేషన్ బియ్యం, ఉప్పుడు బియ్యం అన్నీ ఒకటే డబ్బాలో కలిసేసరికి, వండితే సగం ముద్దయ్యేది, సగం పలుకుగా మిగిలేది. అందుకే అమ్మమ్మ దాన్ని జావలా మరిగించి, ఉప్పేసి, ఉల్లిపాయ ముక్కతో లేనివాళ్ళకి పోసేది. తాతకి మాత్రం ఒకటే నియమం, ఆమెన్ అన్నాకే గరిటె లేవాలి.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు తుఫాను వచ్చింది. తాటాకు కప్పులు ఎగిరిపోయాయి, కట్టెలు నానిపోయాయి, రెండు రోజులు చాలా ఇళ్ళల్లో పొయ్యి వెలగలేదు. మూడోనాడు సంఘమే కాదు, సగం ఊరు చర్చి అరుగు మీద ఆకు దొప్పలు పట్టుకుని కూర్చుంది. తాత కళ్ళు మూసుకుని ప్రార్థన ఆదాము దగ్గర మొదలుపెట్టాడు. నోవహు ఓడ దగ్గరకి వచ్చేసరికి నేను ఒంటికన్ను తెరిచి గంజి కుండకేసే చూస్తున్నాను. నా పక్కన అప్పలనాయుడు తాత, ఇంటి కప్పు పోయిన ముసలి రైతు, మెల్లిగా గొణిగాడు.

“ఆరి దేవుడి మాట ఇంటాను గానీ, ముందు నా కడుపు ఇననియ్యాలి గదా.”

కోపం నాకు అప్పుడూ ముక్కు మీదే. గట్టిగా ఆమెన్ అని అరిచాను. అలవాటుకొద్దీ సంఘమంతా ఆమెన్ అంది. అమ్మమ్మ కుండ మూత తీసేసింది.

తాత కళ్ళు తెరిచేసరికి మూడు దొప్పల్లో గంజి పడిపోయింది. “ఒసే, సగమే అయినాది,” అన్నాడు.

అమ్మమ్మ గరిటె ఆపలేదు. “ఆ సగం దేవుడు ఇన్నాడు లెండి. మిగతాది తరవాత సెప్పండి, సల్లారిపోతాది.”

నేను తలుపు చాటుకి పోయాను, వీపు చిట్లుతుందని. తాత పంచె ఎగ్గట్టాడు. నీళ్ళ బిందె అందుకుని వరస వెంట పోసుకుంటూ వెళ్ళాడు.

సాయంత్రం నన్ను చెయ్యి పట్టుకుని అప్పలనాయుడు తాత ఇంటికి తీసుకెళ్ళాడు. నేను తాటాకులు అందిస్తుంటే ఇద్దరు ముసలాళ్ళూ కప్పు మీద కూర్చుని, ఒకరినొకరు వెక్కిరించుకుంటూ, చీకటి పడేలోగా సగం కప్పు నేశారు. కిందికి దిగాక తాత తువ్వాలుతో మొహం తుడుచుకుని, “నోవహు దగ్గర ఆపేసినాం,” అని కళ్ళు మూసుకుని అక్కణ్ణుంచే అందుకున్నాడు.

అప్పలనాయుడు తాత చివరిదాకా విన్నాడు. నా వైపు వేలు చూపించి, “ఈపాలి నువ్వు ఊరుకో, నానంటాను,” అని తనే ఆమెన్ అన్నాడు. ఆయన రామతీర్థం రాముణ్ణి వదల్లేదు, తాత ఆయనకి వాక్యం చెప్పడమూ మానలేదు. కానీ ఆ వారం నుంచి వాళ్ళింటి పిడికెడు కూడా డబ్బాలోకి వచ్చేది.

ఇప్పుడు ముగ్గురూ లేరు. ఆ చర్చికి స్లాబు పడింది, కుక్కరు గిన్నెతో కొలిచే ఇళ్ళల్లో పిడికెడు తీసే చేతులు తగ్గిపోయాయి, చర్చికి కొత్త డబ్బా వచ్చి పాతది నా వంటింటికి చేరింది. నాలుగు పేరాలూ చెరిపేసి, గ్రూపులో ఇద్దరికీ ఒక్కటే పెట్టాను. గంజి ఒక పక్క, ప్రార్థన ఒక పక్క పెట్టి, ఇది సువార్త, అది కాదు అని ఆ రోజు అప్పలనాయుడు తాత ముందు నిలబడి చెప్పగలిగేవారా మీరు?