తేనెగద్ద వాలిన పూట

అన్నకు ఇల్లందు బొగ్గుగనిలో ఎలక్ట్రీషియన్ పని. నేను వైరాలో టీచర్ని. సెలవు కలిసొచ్చిన ఆదివారం బండేసుకుని భద్రాచలం దారిలో అడవి అంచుకు పోయేవాళ్ళం. నాది వెడల్పు లెన్స్. గుట్టలూ వాగులూ మబ్బులూ నా వాటా. పిట్టలూ జంతువులూ అన్నవి. వాటికోసం మోచెయ్యంత పొడుగు లెన్స్ కొనుక్కున్నాడు. దాన్ని ఇంకొకరి చేతికి ఇచ్చేవాడు కాదు, నాకు కూడా.

అది పత్తి ఏరే కాలం. రోడ్డు పక్కన బండి ఆపి, వాగు దాటి, అడవిలో చాలాదూరం నడిచి ఒక రాతిగుట్ట దగ్గరికి చేరాం. గుట్ట పైఅంచున చాటంత తేనెపట్టు వేలాడుతోంది. చూసి దూరంగానే ఆగాం. అన్న మాత్రం తలెత్తి ఆకాశంలోకి చూస్తున్నాడు.

"చెల్లె, తేనెగద్ద! కదలకు."

ఆ మిర్రర్‌లెస్ కెమెరా షటర్‌కు చప్పుడే ఉండదు. గద్ద ఒక చుట్టు తిరిగి పట్టు మీద పడింది. గోళ్ళతో ఒక ముక్క చీల్చుకుని లేచిపోయింది. నల్లటి పట్టంతా ఒక్కసారిగా గాల్లోకి లేచింది. అన్న ఇంకా వ్యూఫైండర్‌లోంచి కన్ను తియ్యలేదు.

"దొరికింది... దొరికింది చెల్లె..." అంటూనే "అబ్బా!" అని మొహం పట్టుకున్నాడు.

"ఉరుకు!" అని నన్ను ఒక్క తోపు తోశాడు. నేను పొదల్లో పడ్డాను. లేచి చూసేసరికి అన్న మోకాళ్ళ మీద ఉన్నాడు. తలా మెడా కనిపించడం లేదు, ఈగలే కనిపిస్తున్నాయి. నేలబారు ఫొటోలకు పరుచుకునే దుప్పటి నా సంచిలో ఉంది. అది పట్టుకుని వెళ్ళి ఇద్దరి మీదా కప్పాను. లోపల చిక్కిన ఈగలు కుడుతూనే ఉన్నాయి. ఆ రొద తగ్గేదాకా అన్న తలను కడుపులో దాచుకుని కూర్చున్నాను.

దుప్పటి తీశాక అన్నను గుర్తుపట్టలేకపోయాను. కళ్ళు మూసుకుపోయాయి, పెదాలు ఉబ్బాయి. రెండుసార్లు కక్కుకున్నాడు.

"ఊపిరాడ్తలేదే..."

ఫోన్‌లో సిగ్నల్ లేదు. లేపబోతే ఒరిగిపోతున్నాడు. బండి దాకా పరుగెత్తాలంటే అన్నను ఒంటరిగా వదలాలి. నేను తిరిగొచ్చేసరికి ఉంటాడో లేదో.

కెమెరా పక్కనే పడి ఉంది. దాన్ని మెడలో వేసుకుని, ట్రైపాడ్ తీసుకుని వెనకనున్న చిన్న దిబ్బ ఎక్కాను. పొడుగు లెన్స్‌తో నలుదిక్కులా వెతికాను. చెట్లు, చెట్లు, మళ్ళీ చెట్లు. వాగు అవతల ఒక పత్తి చేను, అందులో వంగి ఉన్న ఆడవాళ్ళు. లెన్స్‌లో వాళ్ళ నడుముకు కట్టుకున్న ఒడి సంచులు కూడా తెలుస్తున్నాయి. కన్ను తీస్తే చుక్కలంత ఉన్నారు.

గొంతు పగిలేలా అరిచాను. ఎవరూ తలెత్తలేదు. ట్రైపాడ్ కొసకు ఎర్రచున్నీ కట్టి ఊపాను. ఊపడం, లెన్స్‌లో చూడటం, మళ్ళీ ఊపడం. ఒకామె నడుము నిలబెట్టి, నొసటికి చెయ్యి అడ్డం పెట్టి నా వైపే చూసింది. నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలోనే ఆమె మళ్ళీ వంగింది.

"అమ్మా! ఇటు సూడమ్మా!" అని ఏడుస్తూ రెక్కలు పడిపోయేదాకా ఊపాను. మళ్ళీ లెన్స్‌లో చూస్తే చేను ఖాళీగా ఉంది. బువ్వకు పోయారనుకున్నాను. ఇక ఎవరూ రారు.

కిందికి దిగి అన్న తల ఒళ్ళో పెట్టుకున్నాను. పిలిస్తే పలకడం లేదు. ఉబ్బిన మెడ మీద నాడి కోసం వెతికితే చిక్కడం లేదు. దేవుణ్ణి మొక్కాలని కూడా తోచలేదు. వదినకు ఏమని చెప్పాలి? అదొక్కటే బుర్రలో తిరుగుతోంది.

వాగు వైపు నుంచి మాటలు వినిపించాయి. ముందుగా ఒకామె పరుగున వచ్చింది, నడుముకు పత్తి సంచి అట్లాగే ఉంది. వెనక ఇంకొందరు ఆడవాళ్ళు, ఇద్దరు మగవాళ్ళు. తమలో తాము కోయభాషలో ఏదో అనుకున్నారు. మగవాళ్ళు కర్రలు కొట్టి, నా దుప్పటితోనే డోలీ కట్టారు.

"ఏడ్వకు. తలకాయ పట్టుకో, జల్దీ నడువ్" అంది ఆమె నాతో.

రోడ్డు మీదికి చేరాక పత్తి తోలుకుపోయే ట్రాలీ ఆటో దొరికింది. బస్తాల మీద అన్నను పడుకోబెట్టాం. ఆమె కూడా ఎక్కి కూర్చుంది. భద్రాచలం దవాఖానాలో సూదులిచ్చారు, ఆక్సిజన్ పెట్టారు. వేలు వాచి రాకపోతే ఉంగరాన్ని కత్తిరించారు. నర్సు చిమ్టాతో ముళ్ళు ఒక్కొక్కటే పీకుతుంటే చూడలేక వరండాలోకి వచ్చాను. వదినకు ఫోన్ చేశాను. "అన్నకు..." అని ఆగిపోయాను. అవతల ఆమె కేక నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

అన్న బతికాడు. కిడ్నీలు దెబ్బతిని చాలాకాలం మంచాన ఉన్నాడు. ఇప్పుడు డ్యూటీకి పోతున్నాడు కానీ అడవి మాట ఎత్తడు. నేనూ ఎత్తను.

ఆ సాయంత్రం డాక్టరు బయటికొచ్చి, "మాట్లాడిండు, భయం లేదు" అనేదాకా ఆ పత్తి చేనామె వరండాలో గోడకు ఆనుకుని కూర్చునే ఉంది. నేను ఆమె రెండు చేతులూ పట్టుకున్నాను. పత్తికాయలు గీరుకుపోయిన వేళ్ళు.

"మీ అన్ననా?" అంది.

"అవ్."

"నీకు గూడ కుట్టినయ్ గదా, సూపిచ్చుకో" అని నా మెడ వైపు చూపించి, బస్సు పోతుందని లేచి వెళ్ళిపోయింది.