గౌనులో ఉండి నడిపించిన టాంగో

ఫెలిమోన్‌తో నేను పదకొండేళ్లుగా డాన్సు చేస్తున్నాను. మా ఆయన పోయాక మోకాళ్లు బిగుసుకుపోతుంటే, ఫిలిప్పీన్స్‌లోని మా ఊరు ఇలోయిలోలో ఓ హోటలు హాల్లో శనివారం మధ్యాహ్నాలు జరిగే జంట నాట్యాలకు వెళ్లడం మొదలుపెట్టాను. నాలాంటి ఒంటరి ఆడవాళ్లకు జోడీగా ఆడడమే ఫెలిమోన్ పని. ఆ పనిలో ఉన్న పద్దెనిమిదేళ్లూ మగవాడి అడుగులే, అంటే జోడీని నడిపించే అడుగులే వేశాడు. ఆదివారాలు మాత్రం విగ్గూ గౌనూ వేసుకుని, డోన్యా బాచోయ్ అనే పేరుతో బార్లో పాటలకు పెదాలు కలిపేవాడు. బాచోయ్ మా ఊరి నూడుల్స్ సూపు. పేరు వినగానే జనం నవ్వేవారు.

నలభై మూడో ఏట మనీలాలో ఆడవేషగాళ్ల టీవీ పోటీకి ఎంపికయ్యాడు. వారానికొకరిని ఇంటికి పంపేస్తారు. ఐదో వారం డాన్సు పోటీ. ఇద్దరిద్దరు టాంగో ఆడాలి, ఒకరు సూటులో నడిపిస్తూ, ఒకరు గౌనులో వెంట నడుస్తూ. ఇంకేం, మనవాడిదే గెలుపు అనుకున్నాం.

చీటీల్లో కోరుకునే వంతు తనకే వచ్చింది. గౌను తీసుకున్నాడు. జోడీ కీలాత్ అనే ఇరవై రెండేళ్ల దావావో ఊరి పిల్లాడు, టాంగో ఎరగడు. రిహార్సల్లో అడుగు వెనక్కి వేయాల్సిన చోట ఫెలిమోన్ ముందుకే వచ్చేవాడు. డాన్సు మాస్టారు నాలుగుసార్లు ఆపించాడు.

"అక్కా, సూటు నువ్వు వేసుకోరాదూ? నీకు కొట్టిన పిండి కదా," అన్నాడు కీలాత్. ఆ పోటీలో అందరూ ఒకరినొకరు ఆడవాళ్లలాగే పిలుచుకుంటారు.

"ఇన్నేళ్లూ అందర్నీ నేనే తిప్పాను. ఒక్కసారి నన్నెవరైనా తిప్పాలని ఉందే."

ప్రసారమైన రోజు మేమంతా హాల్లో కూర్చుని చూశాం. పాట సగంలో కీలాత్ అడుగులు మర్చిపోయాడు. ముఖం తెల్లబోయింది. అప్పుడు వాడి వీపు మీదున్న ఫెలిమోన్ చేయి చూశాను. హాల్లో మమ్మల్ని నడిపించే సంకేతాలే అవి: రెండు వేళ్లు నొక్కితే కుడికి తిరగాలి, అరచేయి ఆనిస్తే ఆగాలి. నా పక్కనున్న, నాలాగే అతనితో ఆడే సొలెదాద్ తెలియకుండానే వీపు నిటారు చేసింది.

కీలాత్ చక్కగా నడిపించాడని, డోన్యా బిగుసుకుపోయిందని న్యాయనిర్ణేతలు అన్నారు. తిప్పింది అక్కేనని కీలాత్ మైకులో చెప్పాడు. మర్యాదకు అంటున్నాడనుకుని నవ్వేశారు. గెలుపు కీలాత్‌ది. ఫెలిమోన్ అట్టడుగు ఇద్దరిలో మిగిలి, ఇంటికెళ్లేదెవరో తేల్చడానికి పెట్టే, పాటకు పెదాలు కలిపే పోటీలో గట్టెక్కాడు. పై వారం హాస్యం పోటీలో ఓడి ఇంటికొచ్చాడు.

నడిపించింది తనేనని ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెబితే వాడు అట్టడుగు ఇద్దరిలో పడేవాడు మేడమ్. నా బాధ అది కాదు. గౌను వేసుకుని కూడా ఒకరు తిప్పితే తిరగలేకపోయాను."

నాకు డెబ్బై ఒకటి. ఇప్పుడు శనివారాలు అరగంట ముందే వెళ్లి మగవాడి అడుగులు నేర్చుకుంటున్నాను. నేను కుడికి తిప్పబోతే ఫెలిమోన్ ఎడమకు లాగుతాడు. ఆగి, మళ్లీ మొదలుపెడతాం.