వాగుకు అవతలి గూడెం

పబ్లిక్ హెల్త్ చదువు పూర్తయ్యాక నేను చేరిన మొదటి ఉద్యోగం ఒక పరిశోధనలో. మాది కల్లూరు. ఏన్కూరులో గది కిరాయికి తీసుకుని, అడవి అంచు గూడేలకు స్కూటీ మీద తిరిగేదాన్ని.

గర్భిణులు రోజూ చిరుధాన్యాల పొడి తింటే రక్తం పెరుగుతుందా అన్నది మేం తేల్చాల్సిన ప్రశ్న. పెద్ద అధ్యయనానికి ముందు, వాగుకు అటూ ఇటూ ఉన్న రెండు గూడేల్లో చిన్నగా చేసి చూస్తున్నాం. పొడి ఎవరికివ్వాలో అందరి ముందూ చీటీ తీశాం. ఇవతలి గూడేనికి వచ్చింది. అవతలి వాళ్లకు ఎప్పుడూ అందే ఐరన్ మాత్రలు, అంగన్‌వాడీ భోజనం మాత్రమే. రక్తపరీక్షలు మాత్రం రెండు చోట్లా చేస్తాం. పొడి అందని వాళ్లను కంట్రోల్ గ్రూపు అంటారు. వాళ్లు లేకపోతే పోలికే లేదని పరీక్షల్లో నేను ఎన్నిసార్లో రాశాను. వాళ్ల ముఖాలు చూడటం మాత్రం అదే మొదటిసారి.

ఇవతలి గూడెంలో ఒకామె, అవతలి గూడెంలో ఆమె చెల్లెలు, ఇద్దరూ గర్భిణులే. ఒక ఉదయం చెల్లెలి ఇంటికి వెళ్తే, పొయ్యి మీద మా పొడితోనే జావ కాగుతోంది. అక్క పక్కనే కూర్చుని ఉంది. నన్ను చూసి ఇద్దరూ వాళ్ల భాషలో ఏదో అనుకున్నారు.

"కోపం చెయ్యకు మేడం. నా దాంట్లకెల్లి సగం తెచ్చిన," అంది అక్క. "మొదటి కాన్పుల రక్తం తక్కువై ఇది చచ్చి బతికింది. నేను తినుకుంట దీన్ని చూస్తనా?"

"నన్ను తీసేస్తరా మేడం?" చెల్లెలు భయంగా అడిగింది.

"తియ్యం. ఉన్నది ఉన్నట్టు రాస్తా, గంతే. ముందు నువ్వు తాగు, చల్లారిపోతది."

ఆమె తాగుతుంటే నేను గడప మీద కూర్చున్నాను. పోలిక చెడిపోయిందని తెలుసు. అయినా ఆ అక్కను తప్పుపట్టడానికి నాకు మనసు రాలేదు.

జరిగింది ఖమ్మంలో ఉండి ఈ పరిశోధన నడిపే మా డాక్టరమ్మకు ఫోన్‌లో చెప్పాను. ఆవిడ పోలిక సంగతి ఎత్తలేదు. "ముందు ఆ పిల్ల రక్తం చూడు," అన్నారు. బాగా తక్కువగా ఉంది. మర్నాడే భద్రాచలం దవాఖానాకు తీసుకెళ్లి ఐరన్ ఎక్కించాం.

ఆ వారమే డాక్టరమ్మ గూడేనికి వచ్చి అక్కతో చాలాసేపు మాట్లాడారు.

"చీటీ తీసుడు తప్పు కాదమ్మా. నిజం తెల్వాలె కదా," అన్నారు.

"అవ్, కానీ అక్కచెల్లెండ్లను ఇడదీస్తె ఎట్ల?" అంది అక్క.

తిరిగి వచ్చేటప్పుడు జీపులోనే డాక్టరమ్మ ఏ గూడేనికి ఏ గూడెంతో చుట్టరికాలున్నాయో నన్ను అడిగి రాసుకున్నారు. తర్వాత పెద్ద అధ్యయనం తీరే మార్చారు. బంధుత్వాలున్న గూడేలన్నీ ఒకే జట్టు. పొడి అందరికీ అందుతుంది; ఎవరికి ముందు, ఎవరికి వెనక అన్నదానికే చీటీ. తమ వంతు కోసం ఎదురుచూసేవాళ్లతోనే పోలిక.

మా చిన్న ప్రయత్నంలో పొడి పనిచేసిందో లేదో తేలలేదు. చెల్లెలికి మాత్రం భద్రాచలంలో సుఖంగా కాన్పయింది. నేను వెళ్లేసరికి అక్క తన నిండు పొట్టకు ఆనించుకుని పాపను పట్టుకుని ఉంది.

"జర పట్టుకో మేడం, నడుం గుంజుతాంది," అంటూ నా చేతుల్లో పెట్టింది.