ఒట్టొరీనో మాస్టారి మౌనవ్రతం

ఇటలీలోని పెరూజా ఊళ్ళో ఒట్టొరీనో బెల్లూచ్చి మాస్టారి దగ్గర చదవని మగవాడు లేడంటే అతిశయోక్తి అవుతుంది గాని, ఆయన చేతి రూళ్ళకర్ర సంగతి తెలియనివాడు లేడంటే కాదు. ఆయన జీవితమంతా ఒకటో తరగతికే పాఠం చెప్పారు. ఆయన సిద్ధాంతం కూడా ఒక్కటే: పిల్లవాడు చేతులు కట్టుకుని కూర్చుంటే తలకాయ దానంతటదే పనిచేస్తుంది. ఈ సిద్ధాంతం ఎంత లోతుగా దిగిందంటే, సాయంత్రం కోర్సో వీధిలో షికారుకొచ్చిన మేయరు ఆయన ఎదురుపడితే ఇవాళ్టికీ జేబుల్లోంచి చేతులు తీసేస్తాడు.

ఉద్యోగ విరమణ తర్వాత ఆ విద్య ధారపోయడానికి మాస్టారికి మనవరాలు ఒక్కతే మిగిలింది. నీవెస్, నాలుగేళ్ళది. తీరా చూస్తే కూతురు ఫియొరెంత్సా ఆ పిల్లని మాంటిసోరి బడిలో వేసింది.

అక్కడ బెంచీలు లేవట. మార్కులు లేవట, గోడకుర్చీ అసలే లేదట. ఎవరికి నచ్చిన పని వాళ్ళు అలమరలోంచి తీసుకుంటారట. నాలుగేళ్ళ పిల్లల చేతికి గాజు కూజాలిస్తారట. ఒకరోజు మధ్యాహ్నం నీవెస్ ఇంటికొచ్చి, పొద్దున్నంతా బల్ల కడిగానని చెప్పింది.

"బల్ల మాసిందా?" అన్నారు మాస్టారు.

"లేదు తాతయ్యా. అయినా కడిగాను."

మాస్టారు ఈ వార్తను వీధి వీధికీ మోశారు. అది బడి కాదు, సత్రం అని తీర్మానించారు. బెంచీలు నేలకి మరలతో బిగించి ఉన్న నన్‌ల బడికి పిల్లని మార్చి తీరాలన్నారు. ఫియొరెంత్సా ఆయనకి కూతురే గాని శిష్యురాలు కాదు. అందుకే తొణకలేదు.

"ఓ పూట వెళ్ళి ఆ బడిలో కూర్చో నాన్నా. నోరు విప్పకూడదు, చెయ్యి పెట్టకూడదు. అప్పటికీ వద్దంటే రేపే మాన్పిస్తాను. మధ్యలో ఒక్క మాట మాట్లాడావో, ఇక ఆ ప్రస్తావన ఎత్తకూడదు."

మాస్టారు పెద్దగా నవ్వారు. నిశ్శబ్దం ఆయన కులవృత్తి. మంగలి క్వింతో మాత్రం ఆయన గడ్డానికి నురగ పూస్తూ అనుమానం వెలిబుచ్చాడు.

"ఊళ్ళో అందరి నోళ్ళూ మూయించారు మాస్టారూ. మీదెప్పుడైనా మూసి చూశారా?"

ఆ బడి నడిపే అదాల్జీసా గారు మాస్టారికి మూలనున్న కుర్చీ చూపించింది. పిల్లల కొలతకి చేసిన, చేతులున్న కుర్చీ. అందులో కూర్చున్నవాళ్ళు గోడతో సమానమని మర్యాదగా చెప్పి వెళ్ళిపోయింది. మాస్టారు తమ గౌరవాన్ని నాలుగు వైపులా సర్దుకుని అందులో ఇమిడారు.

ఎదురుగా ఒక బుడతడు చెక్క చట్రానికి బిగించిన గుడ్డకి బొత్తాలు పెడుతున్నాడు. ఒకటి పడితే ఒకటి ఊడుతోంది. మాస్టారి వేళ్ళు దురద పెట్టాయి. గత్యంతరం లేక చేతులు కట్టుకున్నారు. అటు నీవెస్ ఒక కూజాలోంచి మరో కూజాలోకి నీళ్ళు వంచుతోంది. ఒలికాయి. ఎవరో ఒకరు గద్దిస్తారని మాస్టారు ఆశగా చూశారు. ఎవరూ రాలేదు. పిల్లే గుడ్డ తెచ్చి తుడిచి మళ్ళీ వంచింది. మళ్ళీ ఒలికాయి. 'నెమ్మదిగా' అన్న మాట ఆయన పళ్ళదాకా వచ్చింది, మింగేశారు. ఆ పూట ఆయన మింగిన మాటలకి మధ్యాహ్నం భోజనం అక్కర్లేకపోయింది. అంతసేపట్లో ఒక్కరంటే ఒక్కరు కొట్టుకోలేదు. ఇది ఆయన్ని చాలా బాధించింది.

బడి వదిలే వేళయింది. విజయం చేతికి అందేలా ఉంది. అప్పుడు అదాల్జీసా గారు కిటికీ తెర లాగి, చప్పుడు చెయ్యకుండా పక్కగదిలోకి వెళ్ళింది. పిల్లలంతా ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. అది ఆ బడిలో ఆడించే నిశ్శబ్దం ఆట. రూళ్ళకర్ర చప్పుడు లేదు, గద్దింపు లేదు. గోడ గడియారం వినిపించింది. తర్వాత పిచ్చుక కాళ్ళు కిటికీ రేకు మీద గీరడం వినిపించింది. మాస్టారి తరగతిలో నిశ్శబ్దమంటే పిల్లలు ఊపిరి బిగబట్టడం. వీళ్ళు దాన్ని బెల్లంముక్కలా చప్పరిస్తున్నారు.

పక్కగదిలోంచి గుసగుసగా ఒక్కో పేరూ వచ్చింది. పేరు విన్న పిల్ల మునివేళ్ళ మీద వెళ్ళిపోయింది. నీవెస్ వెళ్ళింది. చివరికి బొత్తాల బుడతడూ వెళ్ళాడు. గదిలో మాస్టారూ కుర్చీ మిగిలారు.

"ఒట్టొరీనో..."

ఇది అదాల్జీసా గారి చిలిపితనమో, ఫియొరెంత్సా కుట్రో నేటికీ తేలలేదు. మాస్టారి బుర్ర ఆలోచించేలోపే ఒళ్ళు పని కానిచ్చేసింది. ఆయన కూడా ఒకప్పుడు ఒకటో తరగతి చదివినవారే. దిగ్గున లేచారు. ఛాతీ విరిచారు. చేతులు పంట్లాము కుట్టుకి ఆనించారు.

"హాజర్!"

పిచ్చుక ఎగిరిపోయింది. కుర్చీ మాత్రం ఆయన్ని వదల్లేదు, వెనకాలే అంటుకుని పైకి లేచింది.

పక్కగది గుమ్మంలోంచి చూస్తున్న పిల్లలు నవ్వి ఉంటే మాస్టారు కసిరి బతికిపోయేవారు. ఒక్కరూ నవ్వలేదు. ఆట ఇంకా అయిపోలేదు మరి. నీవెస్ మునివేళ్ళ మీద వచ్చి, రెండు చేతులా కుర్చీని లాగి ఊడదీసి, మూలలో దాని చోట పెట్టింది. తాతగారి చెవి దగ్గర నోరు పెట్టి ఓదార్చింది.

"ఏం పర్లేదు తాతయ్యా. మొదట్లో అందరికీ ఇంతే."

ఆ సాయంత్రం గడ్డం గీయించుకోనక్కర్లేకపోయినా మాస్టారు క్వింతో దుకాణానికి వెళ్ళి, పిల్లని ఆ బడిలోనే ఉంచాలని తాను నిర్ణయించినట్టు ప్రకటించారు. ఇంట్లో నీవెస్ అమ్మకి వేరే నివేదిక ఇచ్చింది: తాతయ్యకి మాట్లాడకుండా ఉండటం ఇంకా రాలేదు, రేపు కూడా పంపాలి.

మర్నాడు పొద్దున్న పిల్ల గుమ్మంలో కూర్చుని బూట్లు తొడుక్కునేసరికి మాస్టారు టోపీ పెట్టుకుని సిద్ధంగా ఉన్నారు. ఎడమ బూటు లేసు ముడి పడటం లేదు. ఆయన వంగారు. వంగినవారు వంగినట్టే ఆగి, చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నారు.