కళ్లు తెరిచిన ప్రార్థన

నూడుల్సు బండి ఎర్రగుంట్లకు కొత్తగా వచ్చిన రోజులవి. సిమెంటు ఫ్యాక్టరీ దుమ్ము సాక్షిగా చైనా వంట తిన్నవాళ్లే నాగరికులని మేమంతా నమ్మేవాళ్లం. నాకు పంతొమ్మిదేళ్లు, సండేస్కూలు టీచర్ని. ప్రార్థనలో కళ్లు తెరిచిన పిల్లలను గోడ దగ్గర నిలబెట్టేదాన్ని (భక్తి అంటే కనురెప్పలు గట్టిగా బిగించడమేనని అప్పట్లో నా అభిప్రాయం). పదేళ్ల మా చెల్లెలికి గోధుమ పడదని కర్నూలు డాక్టరు చెప్పారు. గ్లూటెన్ అన్న మాట మా వీధిలో ఎవరికీ తెలియదు. సంఘంలో విందు జరిగిన ప్రతిసారీ అందరూ నూడుల్సు తింటుంటే అది పెరుగన్నం డబ్బాతో మూల కూర్చునేది. యేసు ఐదు రొట్టెలు, రెండు చేపలతో ఐదు వేలమందికి పెట్టిన పాఠం చెప్పిన రోజు నెమ్మదిగా, "నేను ఆడుంటే నాకు చేపలేనా అక్కా?" అంది. ఈ క్రిస్మస్ విందులో అందరూ తినేదే నువ్వూ తింటావని మాటిచ్చేశాను.

మాటిచ్చాక వంట రాదని గుర్తొచ్చింది. దేవుడు కువైట్ అత్తను సెలవు మీద పంపించాడు. నాన్నకు అక్క ఆవిడ. అక్కడ ఒక వియత్నాం వంటమనిషి పక్కన నాలుగేళ్లు పనిచేసింది. "దీనికింత ఏడుపేందే కోడలా? వాళ్లు బియ్యం కాగితం తడిపి కూరగాయలు చుడతారు. మన బియ్యం అప్పడాలు లేవా? చెనిక్కాయల పచ్చడిలో ముంచుకుంటారు. మన ఊరిబిండి లేదా?" అంది. ఎండిన అప్పడాలను గోరువెచ్చని నీళ్లలో తడిపాం. మొదటి పది చిరిగాయి, తర్వాతివి మాట విన్నాయి. క్యారెట్టు, కీర, పుదీనా పెట్టి చుట్టాం. నూడుల్సుకు బదులు బియ్యప్పిండి శావిగలు ఒత్తి, క్యాబేజీతో వేయించాను. చివర్లో చైనా వంట అనిపించుకోవాలి కదా అని, అంగట్లో కొన్న సోయాసాస్ సీసా సగం శావిగల్లో కుమ్మరించాను.

చర్చి ఆవరణలో చెల్లెలి ముందు కూడా అందరిలాగే నల్లని నూడుల్సు ప్లేటు పెట్టాను. దాని ముఖం చూడాలి! పాస్టరు అయ్యగారు భోజన ప్రార్థన మొదలుపెట్టారు. పరీక్షలు రాసేవాళ్లు, మిద్దె కట్టేవాళ్లు, కాలు విరిగినవాళ్లు అందరూ ఒక్కొక్కరుగా ఆ ప్రార్థనలోకి వచ్చారు. నేను రెప్పలు బిగించి ఉన్నాను. అత్త, మేం వెంట తెచ్చిన సోయాసాస్ సీసా తిప్పి చూసి, నా మోచేయి గిల్లింది.

"ఏమే, ఈ సీసా మీద గోధుమలని రాసుండాది."

"ప్రార్థన జరుగుతాంది, కళ్లు మూసుకో అత్తా."

"నేను మూసుకుంటే నీ చెల్లెలు మూడు దినాలు కడుపు పట్టుకోని ఏడుచ్చాది!"

నా కళ్లు వాటంతటవే తెరుచుకున్నాయి. అయ్యగారు అప్పుడే వానల దగ్గరికి వచ్చారు (ఆయన ప్రార్థన పొడవు మీద నేను వేసిన జోకులన్నిటికీ అక్కడే క్షమాపణ చెప్పుకున్నాను). మునివేళ్ల మీద వెళ్లి ఆ ప్లేటు లాగేసి, అప్పడాల చుట్టలున్న ప్లేటు పెట్టాను. ఆమెన్ అనగానే చెల్లెలు కళ్లు తెరిచి బావురుమంది.

"నా నూడుల్సు యాడ? నాకు మళ్లా వేరేనా?"

దాని పక్కన కూలబడి ఒక చుట్ట ఊరిబిండిలో ముంచి తిన్నాను. తర్వాత అత్త తింది. అయ్యగారి భార్య ఒకటి అడిగింది. ఆ వెనక పిల్లలు నూడుల్సు వదిలేసి వరుస కట్టారు. కన్నీళ్లు ఆరకముందే మా చెల్లెలు ప్లేటును గుండెకు హత్తుకుని, "ఒక్కొక్కటే! శానా తీసుకోవద్దప్పా, నాకుండనీయండి!" అని అజమాయిషీ మొదలుపెట్టింది. పెరుగన్నం డబ్బా ఆ రోజు తెరవనే లేదు.

అత్త ఇప్పుడు ప్రభువు దగ్గర ఉంది. అక్కడి విందులో కూడా సీసాలు తిప్పి చూస్తూనే ఉంటుంది. ఆ రోజు తర్వాత నేను ఏ పిల్లల్నీ గోడ దగ్గర నిలబెట్టలేదు. ఇప్పటికీ భోజన ప్రార్థనలో నా ఎడమ కన్ను కొంచెం తెరుచుకుని చెల్లెలి ప్లేటు వైపు చూస్తుంది. మొన్న క్రిస్మస్‌కు చూస్తే దాని కన్ను కూడా తెరిచే ఉంది. నా ప్లేటులో మిగిలిన చివరి అప్పడం చుట్ట మీద.